ఎప్పుడు పడ్డాడు?

కిందటేడు మా మేనమామకి మూత్రాశయంలో రాయి తియ్యాల్సొచ్చింది. చిన్న ఆపరేషనే. ముందురోజు సాయంత్రం మత్తు డాక్టరు గారు వార్డుకొచ్చి ఫైలు తిరగేశారు. అందులో అన్నీ ఉన్నాయి. అయినా మా అత్తమ్మని అడిగారు, "ఎప్పుడు పడ్డాడమ్మా?" అని. అత్తమ్మ చెప్పింది. తర్వాత మామయ్యని అడిగారు. తర్వాత నావైపు తిరిగి మళ్ళీ అదే ప్రశ్న. నాకు కొంచెం విసుగొచ్చింది. మనం టికెట్‌లో అన్నీ రాసి పెట్టినా ఫోన్ చేసి "ఇష్యూ ఏంటండీ?" అని అడిగే సపోర్టు వాళ్ళు గుర్తొచ్చారు :)

మా మామయ్య గీత కార్మికుడు. నాలుగు నెలల ముందు తాటిచెట్టు మీంచి పడ్డాడు. ఛాతీ మధ్యలో గీత గీసినట్టు, అక్కణ్ణుంచి కిందకి స్పర్శ లేదు, కదలిక లేదు. ఆయన డాక్టరు గారిని అడిగిన మాట నాకింకా గుర్తుంది. "మేడం, నాకు కాళ్ళు, కడుపు ఏదీ తెల్వదు గదా. కోసినా తెల్వదు. ఇగ మత్తెందుకు? పైసలు దండుగ."

నిజం చెప్పొద్దూ, నాకూ అదే అనుమానం. ఆవిడ నవ్వి, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని ఓ పది నిమిషాలు చెప్పారు. ఆ పది నిమిషాల తర్వాత నేను రాత్రిళ్ళు కూర్చుని చదువుకున్నదంతా కలిపితే ఈ టపా. నేను డాక్టర్‌ని కాను, కోడు రాసుకు బతికేవాణ్ణి. కాబట్టి దీన్ని వైద్య సలహాగా కాక చరిత్రగా చదువుకోండి. చివర్లో మాత్రం ఒక సలహా ఉంది, అది మీక్కూడా.

*

వెన్నుపాము దెబ్బ గురించి మనకి దొరికిన మొట్టమొదటి రాత ఈజిప్టుది. ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ 1862లో లక్సర్‌లో ఒక పపైరస్ చుట్ట కొన్నాడు. దాన్ని జేమ్స్ బ్రెస్టెడ్ అనువదించి అచ్చు వేసేసరికి 1930 అయ్యింది. ఆ చుట్ట సుమారు క్రీ.పూ. 1600 నాటిది. 48 కేసులు వరసగా ఉంటాయి. ఒక్కో కేసుకీ లక్షణాలు, పరీక్ష, ఆ తర్వాత తీర్పు. తీర్పులు మూడే రకాలు: ఇది నేను నయం చేస్తాను, దీంతో నేను పోరాడతాను, దీనికి వైద్యం చెయ్యకూడదు. మెడ వెన్నుపూస తప్పి, కాళ్ళూ చేతులూ తెలియకుండా పోయి, మూత్రం దానంతటదే కారిపోయే మనిషి మూడో రకంలో పడ్డాడు.

బగ్ ట్రాకర్‌లో 'వోంట్ ఫిక్స్' అని పెట్టి క్లోజ్ చేసినట్టన్నమాట. ఆ టికెట్ దాదాపు మూడున్నర వేల ఏళ్ళు అలా క్లోజ్‌డ్‌గానే ఉంది.

1805 అక్టోబర్ 21న ట్రఫాల్గర్ యుద్ధంలో అడ్మిరల్ నెల్సన్‌కి తుపాకిగుండు భుజం దగ్గర దూరి వెన్నులో దిగింది. ఓడ డాక్టరు విలియం బీటీ వచ్చేసరికే ఆయన తన వెన్ను విరిగిందనీ, ఛాతీ కింద ఏమీ తెలియడం లేదనీ, తనమీద టైము వృథా చెయ్యకుండా బతికేవాళ్ళని చూసుకోమనీ చెప్పాడు. బీటీ కాదనలేదు. సుమారు మూడు గంటల్లో ఆయన పోయాడు. రోగికీ డాక్టరుకీ ఇద్దరికీ ఒకటే పాఠం తెలుసు.

*

ఈ కథలో మొదటి మలుపు, నన్ను నిద్రపోనివ్వని మలుపు, 1911లో వచ్చింది. ఆల్ఫ్రెడ్ రెజినాల్డ్ ఆలెన్ అనే అమెరికన్ డాక్టరు కుక్కల వెన్నుపాము మీద, కొలిచిన ఎత్తునుంచి కొలిచిన బరువు జారవిడిచి, ఏం జరుగుతుందో చూశాడు. (చదవడానికి కష్టంగానే ఉంటుంది.) దెబ్బ తగిలిన చోట చీలిక పెట్టి, లోపల పేరుకున్న రక్తం, నీరు బయటికి వదిలేస్తే కొన్ని కుక్కలు బాగా కోలుకున్నాయి. అంటే నష్టమంతా ఆ దెబ్బతోనే అయిపోలేదు. దెబ్బ తర్వాత లోపల ఇంకేదో మొదలై, గంటలపాటు మిగిలిన నరాల్ని కూడా తినేస్తోంది. దీన్నే ఇప్పుడు సెకండరీ ఇంజురీ అంటున్నారు. ఆలెన్ 1918లో మొదటి ప్రపంచయుద్ధంలోనే చనిపోయాడు. ఆయన ఆలోచన మాత్రం నిలిచింది.

దీని అర్థం ఏంటంటే, పడిన క్షణాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు గానీ, ఆ తర్వాతి గంటలు మన చేతిలో ఉన్నాయి. ఆ గంటల్లో రక్తపోటు పడిపోయినా, ఆక్సిజన్ తగ్గినా, విరిగిన ఎముక ఇంకోసారి కదిలినా, రెండో దెబ్బ మనమే కొట్టినట్టు.

ఇక్కడ ఆగి ఒక విషయం చెప్పాలి. మామయ్య పడ్డరోజు నేను ఊళ్ళోనే ఉన్నాను, దసరా సెలవులు. కేకలు విని అందరం పరిగెత్తాం. ఆయన్ని లేపి కూర్చోబెట్టాం. నీళ్ళు తాగించాం. ఒకాయన చంకల కింద పట్టుకున్నాడు, కాళ్ళు నేను పట్టుకున్నాను. మధ్యలో నడుము జోలెలా వేలాడుతుంటే అలాగే తీసుకెళ్ళి ఆటోలో కుదించి కూర్చోబెట్టాం. జేబులో ఫోనుంది. 108 నంబరు తెలియక కాదు. ఆటో ఎదురుగా ఉంది, తొందరలో ఉన్నాం, అంతే. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి, ఫస్ట్ ఎయిడ్ గురించి ఆఫీసులో ట్రైనింగ్ వీడియో చూసి కంప్లీట్ అని క్లిక్ చేసినవాణ్ణి.

*

రెండో మలుపుకి కారణం లుడ్విగ్ గుట్‌మన్. 1917లో ఆయనకి ఇంకా పద్దెనిమిదేళ్ళు నిండలేదో, అప్పుడే నిండాయో. జర్మనీ గనుల ప్రాంతంలో ఒక ఆసుపత్రిలో సహాయకుడిగా పనిచేస్తున్నాడు. వెన్ను విరిగిన ఒక గనికార్మికుణ్ణి తీసుకొచ్చారు. బలమైన కుర్రాడు. కుర్రవాడైన గుట్‌మన్ కేసు వివరాలు రాసుకోబోతే, ఎందుకు, కొన్ని వారాల్లో పోతాడు అన్నారు పెద్దవాళ్ళు. ఐదు వారాల్లో పోయాడు కూడా. వెన్ను విరిగి కాదు. పడక పుళ్ళు కుళ్ళి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి. ఆ రోజుల్లో ఈ రోగుల్లో ఎక్కువమంది వారాల్లోనే, అదీ ఇలాగే పోయేవారు.

గుట్‌మన్ పెద్ద న్యూరాలజిస్ట్ అయ్యాడు, యూదుడు కాబట్టి హిట్లర్ జర్మనీనుంచి 1939లో కుటుంబంతో ఇంగ్లండ్ పారిపోయాడు. 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల విభాగం ఆయన చేతికిచ్చారు. ఫ్రాన్స్ తీరం మీద దాడి జరగబోతోంది, గాయపడేవాళ్ళు వస్తారు అన్న లెక్కతో. ఆయన చేసిందేంటి? కొత్త మందు కాదు, కొత్త సర్జరీ కాదు. రెండు గంటలకోసారి, పగలూ రాత్రీ, రోగిని పక్కకి తిప్పడం. మూత్రం పైపు విషయంలో శుభ్రత. రోగికి ఏదో ఒక పని. సరిగ్గా అదే సమయానికి పెన్సిలిన్ కూడా తోడైంది. మనుషులు బతకడం మొదలుపెట్టారు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజే, ఆసుపత్రి పచ్చికలో 16 మంది వీల్‌చైర్లలో కూర్చుని విలువిద్య పోటీ ఆడారు. మనం ఇవాళ పారాలింపిక్స్ అంటున్నది దానికి వారసురాలే.

ఇప్పుడు మామయ్య ప్రశ్నకి జవాబు.

రోగులు బతకడంతో, ఇదివరకెవరూ సరిగ్గా చూడనివి కనపడటం మొదలయ్యాయి. కొందరికి ఉన్నట్టుండి తల పగిలిపోయే నొప్పి, మొహం ఎర్రబడి చెమటలు. గుట్‌మన్, ఆక్స్‌ఫర్డ్ ఫిజియాలజిస్ట్ డేవిడ్ విటరిడ్జ్ కలిసి రోగుల మూత్రాశయాన్ని నెమ్మదిగా నింపుతూ రక్తపోటు కొలిచారు. 1947లో ప్రచురించారు. గాయం ఛాతీ పైభాగంలో గానీ మెడలో గానీ ఉన్నవాళ్ళకి, మూత్రాశయం నిండేకొద్దీ రక్తపోటు ఆకాశానికంటుతోంది. రోగికి మాత్రం మూత్రాశయం నిండిన సంగతే తెలియదు!

ఎందుకంటే, మన భాషలో చెప్పుకుంటే, ఇది తెగిపోయిన ఫీడ్‌బ్యాక్ లూప్. మూత్రాశయం నుంచి వచ్చిన అలారం వెన్నుపాములోకి చేరుతుంది. మెదడుదాకా పోదు, కానీ గాయం కింద ఉన్న వెన్నుపాము బతికే ఉంది కదా, అది తనకి తోచింది చేస్తుంది. కింది రక్తనాళాలన్నింటినీ బిగించేస్తుంది. రక్తపోటు పెరుగుతుంది. మెడలో ఉన్న సెన్సర్లు అది చూసి మెదడుకి చెబుతాయి. మెదడు 'ఆపు, వదులు చెయ్యి' అని ఆర్డరిస్తుంది. గుండెకి వెళ్ళే తీగ వేరు, కాబట్టి గుండె నెమ్మదిస్తుంది. కింది నాళాలకి వెళ్ళే తీగ మాత్రం తెగిపోయింది. సర్వర్ రిక్వెస్టులు గుప్పిస్తూనే ఉంటుంది, స్టాప్ కమాండ్ దానికి చేరదు. పై అంకె 200 దాటొచ్చు. మెదడులో నరం చిట్లొచ్చు.

"నొప్పి నీకు తెలియదు తాతా, కానీ నీ ఒంటికి తెలుసు," అన్నారు డాక్టరు గారు మామయ్యతో. (ఆయనకి యాభై కూడా లేవు, తాతా అన్నందుకు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.) మత్తు నొప్పి తెలియకుండా ఉండటానికే కాదు, ఆ అలారం వెన్నుపాముకి చేరకుండా ఆపటానిక్కూడా. అందుకే మర్నాడు నడుం దగ్గర ఇంజెక్షన్ ఇచ్చి ఆపరేషన్ చేశారు.

తమాషా ఏంటంటే, పడ్డ కొత్తలో అంతా దీనికి తలకిందులు. అప్పుడు గాయం కింది వెన్నుపాము షాక్‌లో ఉంటుంది, నాళాలు వదులైపోతాయి, రక్తపోటు పడిపోతుంది, గుండె నెమ్మదిస్తుంది. గొంతులో కఫం తియ్యడానికి ట్యూబు పెడితేనే గుండె ఆగిపోయే ప్రమాదం. ఒకే మనిషి, ఒకే గాయం. మొదటి వారంలో ఒక సిస్టమ్, మూడు నెలల తర్వాత ఇంకో సిస్టమ్.

*

మూడుసార్లు "ఎప్పుడు పడ్డాడు" అని అడగడానికి ఇంకో కారణముంది. అది ఒక మందు కథ.

సక్సినైల్‌కోలిన్ అని ఒక మందు 1951 నుంచి వాడకంలో ఉంది. నిమిషంలో కండరాలన్నీ వదులైపోతాయి, గొంతులోకి శ్వాస గొట్టం వెయ్యడం తేలిక, కొద్ది నిమిషాల్లో ప్రభావం పోతుంది. అత్యవసరాల్లో అంతకంటే అనువైనది లేదనుకున్నారు. కానీ 1950ల చివర్లో, కాలిన గాయాలతో ఉన్నవాళ్ళకి ఆపరేషన్ల మధ్యలో గుండె ఆగిపోవడం గమనించారు. 1960ల చివరికి కారణం దొరికింది, రక్తంలో పొటాషియం ఒక్కసారిగా పెరిగిపోతోంది. 1969లో వియత్నాం యుద్ధంలో గాయపడ్డ సైనికుల్లో, 1970లో వెన్నుపాము దెబ్బతిన్న రోగిలో ఇదే జరిగినట్టు రిపోర్టులొచ్చాయి.

ఇది మనవాళ్ళకి బాగా తెలిసిన రకం బగ్: మొదటిరోజు టెస్ట్ చేస్తే పాస్, నెల తర్వాత అదే టెస్ట్ చేస్తే క్రాష్. మామూలు కండరంలో ఈ మందు పనిచేసే తలుపులు, అంటే రిసెప్టర్లు, నరం వచ్చి తగిలే ఒక్క చోటే ఉంటాయి. పైనుంచి ఆర్డర్లు రావడం ఆగిపోతే కండరం ఒళ్ళంతా తలుపులు పెట్టుకుంటుంది, ఎక్కడో ఒకచోట కబురు వినపడకపోతుందా అన్నట్టు. ఇది జరగడానికి కొన్ని రోజులు పడుతుంది. అప్పుడు ఈ మందిస్తే తలుపులన్నీ ఒకేసారి తెరుచుకుని, లోపలున్న పొటాషియం రక్తంలోకి పోటెత్తుతుంది. మామూలు మనిషికి 0.5 యూనిట్లు పెరిగే చోట వీళ్ళకి 5 కూడా పెరగొచ్చు. రక్తంలో మొత్తం ఉండాల్సిందే 3.5 నుంచి 5.

కాబట్టి పడ్డ మొదటి ఒకటి రెండు రోజుల్లో ఈ మందు ఇవ్వొచ్చు. తర్వాత నెలల తరబడి దాని జోలికి పోకూడదు. నడుముకి ఇంజెక్షనిచ్చినా, మధ్యలో ఏదైనా తేడా వస్తే గొంతులో గొట్టం వెయ్యాల్సి రావచ్చు, అప్పుడు ఏ సిరంజీ అందుకోవాలో ముందే తెలియాలి. ఫైల్లో తేదీ ఒక అంకె తప్పు రాసి ఉంటే? అందుకే ముగ్గుర్ని అడిగారు. సపోర్టు వాళ్ళతో పోల్చినందుకు ఆవిడకి మనసులోనే సారీ చెప్పుకున్నాను.

*

మానిటర్ల సంగతి చెప్పకపోతే మన వృత్తిధర్మం ఒప్పుకోదు. మెడలో పైభాగాన దెబ్బతగిలితే ఊపిరి తీసే కండరానికి ఆర్డర్లు తగ్గుతాయి. ఆక్సిజన్ పడిపోతోందని ఎలా తెలియాలి? చాలాకాలం డాక్టర్లు పెదాల రంగు చూసేవాళ్ళు. నీలంగా మారేసరికే ఆలస్యమైపోయేది. జపాన్‌లో నిహాన్ కోడెన్ కంపెనీలో టకువో అయోయాగి అనే ఇంజినీరు, 1970ల మొదట్లో, గుండె ఎంత రక్తం పంపుతోందో చెవిలోంచి కాంతి పంపి కొలవాలని చూస్తున్నాడు. నాడి కొట్టుకోవడం వల్ల సిగ్నల్లో నాయిస్ వస్తోంది. ఆ నాయిస్ తీసేద్దామని కూర్చుంటే, ఆ నాయిస్‌లోనే ఆక్సిజన్ లెక్క ఉందని తట్టింది. 1974లో ప్రకటించాడు. కోవిడ్ టైములో మనమందరం వేలికి తగిలించుకున్నది అదే, పల్స్ ఆక్సీమీటరు. ఆయన 2020లో, సరిగ్గా ఆ కోవిడ్ కాలంలోనే పోయాడు.

మత్తిచ్చినంతసేపూ డాక్టరు గదిలోనే ఉండాలి, రక్తపోటు, గుండె, శ్వాస చూస్తూనే ఉండాలి అని రాతపూర్వక నియమాలు 1986లో హార్వర్డ్ ఆసుపత్రులు ప్రచురించాయి. అదే ఏడు అమెరికా మత్తు డాక్టర్ల సంఘం కూడా పెట్టుకుంది. అంతకుముందు ఇది ఎవరిష్టం వాళ్ళది! 1973లో ఫ్రెంచి డాక్టర్లు ఇంకో ఉపాయం ప్రచురించారు. గూనివెన్ను ఆపరేషన్ మధ్యలో మత్తు తగ్గించి, రోగిని లేపి, పాదాలు కదపమని అడిగి, కదిపితే మళ్ళీ నిద్రపుచ్చేవారు. ప్రొడక్షన్‌లోకి సగం కోడు ఎక్కించాక స్మోక్ టెస్ట్ చేసినట్టు. ఇప్పుడు ఆ పని చాలావరకు నరాల సిగ్నల్స్ చూసే యంత్రాలు చేస్తున్నాయి.

రక్తపోటు ఎంత ఉంచాలన్నది మాత్రం ఇంకా నడుస్తున్న కథే. 1997లో 77 మంది రోగుల్ని చూసిన అధ్యయనం ఒకటి, సగటు రక్తపోటు మొదటి ఏడు రోజులూ 85 పైన ఉంచితే మేలని సూచించింది. పోల్చడానికి రెండో గుంపు లేదు అందులో. అయినా ఆ అంకె ఏళ్ళ తరబడి ఐసీయూల్లో గోడరాతలా నిలిచింది. 2024లో వచ్చిన మార్గదర్శకాలు దాన్ని 75–80కి తక్కువ కాకుండా, 90–95 దాటకుండా, 3 నుంచి 7 రోజులు అని సడలించాయి.

స్టెరాయిడ్ కథ ఇంకా పెద్ద పాఠం. 1990లో ఒక పెద్ద అమెరికన్ ట్రయల్, ఎనిమిది గంటల్లోపు మిథైల్‌ప్రెడ్నిసొలోన్ భారీ డోసులో ఇస్తే మేలని చెప్పింది. ప్రపంచమంతా ఇచ్చారు. తర్వాత తరచి చూస్తే, మొత్తం రోగుల్లో తేడా లేదు, డేటాని ఎనిమిది గంటల దగ్గర కోసి చూస్తేనే కనిపిస్తోంది. ఇన్‌ఫెక్షన్ల వంటి నష్టాలు మాత్రం కళ్ళకి కనిపించేవే. 2013లో అమెరికా న్యూరోసర్జన్ల మార్గదర్శకాలు వాడొద్దన్నాయి. డాష్‌బోర్డులో నచ్చిన ఫిల్టరు పెట్టి మేనేజరుకి చూపించే మనం వీళ్ళని చూసి నవ్వే అర్హత లేనివాళ్ళం.

*

మన దగ్గర ఈ కథకి మొహం ఎవరంటే నేను మేరీ వర్గీస్ పేరు చెబుతాను. కేరళ ఆవిడ, వేలూరు సీఎంసీలో డాక్టరు. 1954లో కారు ప్రమాదంలో కాళ్ళు పోయాయి. వీల్‌చైర్లో కూర్చుని కుష్ఠురోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది, విదేశాల్లో పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి వేలూరులో ఆ విభాగాన్ని నిలబెట్టింది. చిత్తూరు వైపు వాళ్ళకి వేలూరు ఎంత దగ్గరో చెప్పక్కర్లేదు.

మా మామయ్య ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. రాయి పోయింది. కాళ్ళు రాలేదు. అత్తమ్మ ఫోన్లో రెండు గంటలకోసారి అలారం మోగుతుంది. రాత్రి కూడా. లేచి ఆయన్ని పక్కకి తిప్పి పడుకుంటుంది. గుట్‌మన్ పేరు ఆవిడకి తెలియదు. ఒంటిమీద ఒక్క పుండు లేదు.

డాక్టరు గారిని ఆ సాయంత్రం వరండాలో నేనొక్కణ్ణే అడిగాను, "మేం అలా ఎత్తి ఆటోలో వెయ్యకపోతే ఏమన్నా తేడా ఉండేదా మేడం?" అని. ఆవిడ కాదు అనలేదు, అవును అనలేదు. "ఎవరూ చెప్పలేరు బాబూ. చెట్టు మీంచి పడినప్పుడే మొత్తం పోయి ఉండొచ్చు. ఇంకోసారి మాత్రం అలా ఎత్తకు," అన్నారు.

అదే సలహా, మీకు. హైదరాబాదులో 108 మొదలైంది 2005 ఆగస్టు 15న. నంబరు మనందరికీ నోటికొచ్చు. ఎవరైనా ఎత్తునుంచి పడినా, బండి మీంచి పడినా, లేపి కూర్చోబెట్టకండి. నీళ్ళు పట్టకండి. ఊపిరాడుతోందో లేదో చూడండి, తల అటూ ఇటూ కదలకుండా రెండు చేతుల్తో పట్టుకోండి, 108కి ఫోన్ చెయ్యండి. మంటో, ట్రాఫిక్కో ఉండి కదపక తప్పకపోతే, నలుగురు కలిసి దుంగలాగా, తల, నడుము, కాళ్ళు ఒకే గీతలో ఉండేలా కదపండి. గీత కార్మికులకి 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మీ ఊళ్ళో మీవాళ్ళెవరైనా చెట్టెక్కుతుంటే, కిట్టు వచ్చిందా, వచ్చింది వాడుతున్నారా అని ఒక్కసారి ఫోన్ చేసి అడగండి.

ఇంకో మాట. ఎప్పుడు పడ్డారో, ఎన్నింటికి పడ్డారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ ప్రశ్న మిమ్మల్ని మూడుసార్లు అడుగుతారు. విసుక్కోకండి.